పెద్ద చదువు వీధిబడికి రావలెను

(జగ్గయ్యపేట, నందిగామ ప్రాంత సంఘస్థుల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



శతవార్షిక సంచికలలో సాధారణముగా మందిరముల చరిత్ర, పునాదిరాళ్ల తేదీలు, సేవచేసి ప్రభువునందు నిద్రించిన దైవజనుల చిత్రములు ఉండును. అవి ఉండవలసినవే. అయితే నాకు అప్పగించిన అంశము విద్య. అది చాల పెద్ద అంశము గనుక అందులో ఒక చిన్న తునకను మాత్రమే తీసుకొనుచున్నాను. మన పల్లెలోనో, పక్క పల్లెలోనో ఉన్న బడి. ఆ బడిలో ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు. ఆ మూడు తరగతులలో చురుకైన పిల్లలకు ఏమి దొరకుచున్నది? ఏమి దొరకవలెను? ఇంతే నా ప్రశ్న.

పెద్ద చదువు అను మాటను నేను ఏ అర్థములో వాడుచున్నానో మొదటనే చెప్పుదును. అది డిగ్రీ కాదు, విదేశము కాదు. పాఠ్యపుస్తకములోని లెక్క అయిపోయిన తరువాత ఇంకొక మెట్టు పైనున్న లెక్క. బొమ్మలో చూచిన ప్రయోగమును తన చేతితో చేసి చూచుట. తెలుగులోను ఇంగ్లీషులోను ఒక పుస్తకమును మొదటినుండి చివరివరకు తానే చదువుకొనుట. పట్టణములో దీనినే ఫౌండేషన్ అని, ఒలింపియాడ్ అని, టెక్నో అని పేర్లుపెట్టి అమ్ముచున్నారు. పేరు ఏదైనను సరకు ఇదే.

రెండు నిచ్చెనలు

మన చరిత్రను ఒకసారి వెనుదిరిగి చూతము. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అను ఇద్దరు మిషనరీలు బందరునకు వచ్చినారు. ఫాక్స్ ఊరూర తిరిగి ప్రకటించిన మనిషి. నోబుల్ 1843లో బందరులో ఇంగ్లీషు పాఠశాల తెరచినారు. కాలక్రమమున అదే నోబుల్ కళాశాలగా పేరొందినది. ఆ తొలి దినములలో అందులో కూర్చున్నవారు ఎక్కువగా అగ్రవర్ణముల ఇండ్ల పిల్లలు. 1859లో రాఘవాపురమునకు చెందిన పగోలు వెంకయ్య, మాల కుటుంబమున పుట్టిన వ్యక్తి, బాప్తిస్మము పొందినాడు. ఆ ఒక్క మనిషి వెంబడి మన మెట్ట పల్లెలలో సంఘములు మొలకెత్తినవి. పల్లెలో కట్టిన తాటాకు మందిరమే పగలు బడి అయినది. బోధకుడే పంతులుగారైనాడు.

ఈ విధముగా ఒకే మిషను నీడలో రెండు నిచ్చెనలు లేచినవి. బందరు నిచ్చెనకు మెట్లు చాల ఉండెను. గణితము, ఇంగ్లీషు సాహిత్యము, ఆపైన ఉద్యోగము. పల్లె నిచ్చెనకు మూడో నాలుగో మెట్లు. అక్షరములు, ఎక్కములు, కీర్తనలు, ప్రశ్నోత్తరములు. ఈ మాట ఎవరినీ నిందించుటకు అనుట లేదు. పలక పట్టుటకే హక్కు లేదన్న బిడ్డ చేతికి పలక ఇచ్చుట ఆనాడు చిన్న కార్యము కాదు. ఆ పలకే లేకున్నచో నేడు ఈ కూడికలో చాలమందిమి ఇట్లు కూర్చుని యుండము. కాని నిచ్చెన పొట్టిదన్న సంగతి మాత్రము నిజము.

ఇది మన పెద్దలకు తెలియనిది కాదు. 1912లో అజరయ్యగారు దోర్నకల్ బిషప్పుగా అభిషేకము పొంది, భారతీయులలో తొలి ఆంగ్లికన్ బిషప్పు అయిన తరువాత, పల్లె బడిని గూర్చిన చింత ఆయనను విడువలేదు. 1919లో ఎ. జి. ఫ్రేజర్ అధ్యక్షతన, మన దేశస్థుడైన కె. టి. పాల్ కూడ సభ్యుడుగా, గ్రామ విద్యను పరిశీలించుటకు మిషనుల పక్షమున ఒక కమిషను తిరిగినది. 1920లో వచ్చిన దాని నివేదిక ఏకోపాధ్యాయ పల్లె బడుల బలహీనతను దాచలేదు. వాటికి పైన మాధ్యమిక పాఠశాలలు ఉండవలెనని సూచించినది. అనగా నూరేండ్ల క్రిందటనే గొలుసులో తెగిన లంకె ఏదో పెద్దలు గుర్తించినారు. అది ఈ ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల లంకెయే.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత ప్రభుత్వము కూడ ఈ లంకెను గూర్చి ఆలోచించినది. పి. వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల మొదలైనది. మరుసటి సంవత్సరము గుంటూరు జిల్లా తాడికొండలో వచ్చినది. 1986 జాతీయ విద్యా విధానము కాలమున నవోదయ విద్యాలయములు వచ్చినవి. మన ఉమ్మడి కృష్ణా జిల్లాకు వేలేరులో నవోదయ ఉన్నది. ఆ గురుకులములు, నవోదయలు ఎన్నో పేద కుటుంబముల తలరాత మార్చినవి. వాటిని స్థాపించినవారికి మనము ఋణపడియున్నాము.

అయినను వాటి పద్ధతి ఏమో గమనించుడి. పరీక్ష పెట్టి, ఏరి, ఊరినుండి తీసికొనిపోవుదురు. నవోదయలో ఆరవ తరగతికి సాధారణముగా 80 సీట్లు. జిల్లా అంతటికి 80. వేలేరు జగ్గయ్యపేటకు వంద కిలోమీటర్లకు పైగా దూరము. ఒక పల్లెనుండి ఒక బిడ్డ ఎంపికైనచో సంతోషించి మిఠాయి పంచుకొందుము. ఆ బిడ్డతోబాటు అదే బల్లమీద కూర్చుండి, రెండు మార్కులు తక్కువ వచ్చి ఆగిపోయిన బిడ్డ సంగతి ఎవరును అడుగరు. మరుసటి ఉదయము ఆ బిడ్డ మరల అదే బడికి పోవును. ఆ బడిలో నిన్న లేని పాఠము నేడును ఉండదు.

మనము మెట్ట రైతులము. సాగర్ ఎడమ కాలువ చివరి భూములవారి బాధ మనకు ఒకరు చెప్పనక్కరలేదు. నీరు పైనే ఆగిపోయిన సంవత్సరము ఏ రైతైనను తన పొలమును ఎత్తుకొనిపోయి కాలువ మొదట పెట్టుకొనునా? కాలువను బాగుచేయించి నీటిని పొలముదాకా తెచ్చుకొనును. చదువు విషయములో మాత్రము మనము పొలములనే మోసుకొని పోవుచున్నాము.

పన్నెండేండ్ల ప్రాయము

పదవ తరగతి గూర్చి అందరును మాటలాడుదురు. ఇంటర్మీడియట్ గూర్చి ఇంకను ఎక్కువ. మరి నేనెందుకు ఆరు, ఏడు, ఎనిమిది తరగతులను పట్టుకొన్నాను?

అయిదవ తరగతివరకు లెక్క అనగా అంకెలు. ఆరవ తరగతిలో మొదటిసారి అంకె ఉండవలసిన చోట ఒక అక్షరము వచ్చి కూర్చుండును. తెలియని సంఖ్యకు ఒక పేరు పెట్టి, దానిని పట్టుకొని తెలిసినదానివైపు నడచుట అప్పుడు నేర్చుకొనవలెను. ఇది పిల్లవాని బుద్ధి మలుపు తిరుగు చోటు. విజ్ఞానశాస్త్రము కూడ ఇక్కడనే చెట్టు, కాకి, వాన కబుర్లనుండి ఎందుకు, ఎట్లు అను ప్రశ్నలలోనికి దిగును. ఈ మలుపులో తప్పిపోయిన బిడ్డ పదవ తరగతిలో బట్టీపట్టి గట్టెక్కవచ్చును. ఇంటర్మీడియట్ లెక్కలముందు నిలువలేడు. 2008లో గ్రామీణ విద్యార్థులకొరకు నూజివీడులో ట్రిపుల్ ఐటీ తెరచినారు. పదవ తరగతి మార్కులతోనే ప్రవేశము. ప్రభుత్వ బడులలో చదివిన పిల్లలకు అదనపు పాయింట్లు కూడ ఇచ్చుచున్నారు. ఆ తలుపు పదవ తరగతి తరువాత తెరచుకొనును. దానివరకు పోవు బాట ఆరవ తరగతిలో మొదలగును. బాట లేనివానికి తలుపు తెరచియున్నను ఒకటే, మూసియున్నను ఒకటే.

మన ప్రభువు బాల్యమును గూర్చి సువార్తలలో చాల కొద్దిగానే ఉన్నది. ఉన్న ఆ కొద్దిలో ఆయన పన్నెండేండ్ల వయస్సున దేవాలయములో బోధకుల మధ్య కూర్చుండి, వారి మాటలు వినుచు, వారిని ప్రశ్నలడుగుచు కనబడుట నన్ను ఎప్పుడును ఆలోచింపజేయును. పన్నెండేండ్లనగా మన లెక్కలో ఏడవ తరగతి. నజరేతు వడ్రంగి ఇంటి బిడ్డ పెద్ద పండితుల నడుమ కూర్చుండుట ఎవరును తప్పుపట్టలేదు. మన వడ్రంగి ఇంటి బిడ్డకు, కూలి ఇంటి బిడ్డకు అట్టి కూర్చుండు చోటు ఊరిలో ఎక్కడ ఉన్నది?

బస్సెక్కిన చదువు

తెల్లవారుజామున హైదరాబాదు రహదారిమీద నిలుచుని చూడుడి. పల్లెలనుండి పసుపుపచ్చ బస్సులు పిల్లలను నింపుకొని నందిగామకు, జగ్గయ్యపేటకు పోవుచుండును. ఇంకొందరు పిల్లలు పెట్టెలు సర్దుకొని విజయవాడ హాస్టళ్లకు పోయినారు. పదకొండేండ్ల బిడ్డ, రాత్రి భయపడినచో అమ్మను పిలుచుటకు లేని చోట.

గృహదర్శనములలో తండ్రులు నాతో చెప్పు మాట ఇంచుమించు ఒక్కటే. "ఏం చేయమంటారు అయ్యగారూ, పిల్లాడు లెక్కల్లో చురుగ్గా ఉన్నాడు, మన బడిలో ఉంచితే వాడి తెలివి వాడిపోద్దని భయం." ఆ భయము నిజమైనది. దానిని ఎగతాళి చేయరాదు. కాని ఆ భయమునకు వారు చెల్లించు వెల చూడుడి. మిర్చి ధర బాగున్న ఏడు ఫీజు కట్టుదురు. ధర పడిపోయిన ఏడు అదే ఫీజు వడ్డీకి తెచ్చి కట్టుదురు. కౌలు రైతు, సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనివాడు, ఇంటిలో కుట్టుమిషను పెట్టుకొన్న తల్లి, వీరందరును ఇదే త్రోవలో ఉన్నారు.

ఇంటిలో ఇద్దరు బిడ్డలున్నప్పుడు ఇంకొక అన్యాయము నిశ్శబ్దముగా జరుగును. డబ్బు ఒకరికే సరిపోవును. బస్సు మగబిడ్డకు, ఊరిబడి ఆడబిడ్డకు. ఆడపిల్లను హాస్టలుకు పంపుటకు భయపడుదురు. పట్టణపు ట్యూషనుకు పంపి, చీకటిపడిన తరువాత ఎట్లు తిరిగి వచ్చునని ఆగిపోవుదురు. కాబట్టి ఊరిబడిలో పైమెట్టు పాఠము లేదనగా, ఆ ఇంటి ఆడబిడ్డకు అసలే లేదని అర్థము. ఈ సంగతి ఒక్కటి చాలు, పెద్ద చదువు ఊరిబడికి ఎందుకు రావలెనో చెప్పుటకు.

బడికి కూడ నష్టమున్నది. చురుకైన నలుగురు వెళ్లిపోయిన తరగతిలో ప్రశ్న అడుగువారు ఉండరు. ప్రశ్న లేని తరగతిలో ఎంత మంచి ఉపాధ్యాయుడైనను నీరసించును. సంఖ్య తగ్గినకొలది ఉపాధ్యాయుని పోస్టు పోవును. పోస్టు పోయిన బడినుండి మిగిలినవారును పోవుదురు. నేరము ఉపాధ్యాయులది మాత్రమే అనుట సులభము. మనము బిడ్డలను తీసివేసిన బడిని చూచి ఇది ఖాళీగా ఉన్నదనుట న్యాయము కాదు.

మన ముంగిట ఉన్న అవకాశము

ఊరిబడిలోనే ఉండి చదువుకొను బిడ్డకొరకు ఏర్పాటైన సహాయము ఒకటి ఉన్నది. ఎన్.ఎం.ఎం.ఎస్. అను జాతీయ ఉపకారవేతన పరీక్ష, 2008లో మొదలైనది. ఎనిమిదవ తరగతి పిల్లలు వ్రాయవలెను. ప్రభుత్వ, స్థానికసంస్థల, ఎయిడెడ్ బడులలో చదువువారికే అర్హత. హాస్టలు వసతితో నడచు గురుకులములకు, నవోదయలకు, ప్రైవేటు బడులకు లేదు. కుటుంబ వార్షికాదాయము మూడున్నర లక్షల రూపాయలకు మించకూడదు. ఎంపికైన బిడ్డకు తొమ్మిదవ తరగతినుండి ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరమువరకు ఏటా 12,000 రూపాయలు, నాలుగేండ్లకు 48,000 రూపాయలు, బిడ్డ బ్యాంకు ఖాతాలోనికే వచ్చును. దేశమంతటికి ఏటా లక్ష వేతనములు. మన ఆంధ్రప్రదేశ్‌కు 4,087.

పరీక్షలో రెండు భాగములు, ఒక్కొక్కటి 90 ప్రశ్నలు. మొదటిది ఆలోచనాశక్తికి సంబంధించినది. రెండవది ఏడు, ఎనిమిది తరగతుల గణిత, విజ్ఞాన, సాంఘిక శాస్త్రములనుండి వచ్చును. రెండు భాగములు కలిపి నూటికి నలుబది మార్కులు, షెడ్యూల్డు కులముల, తెగల పిల్లలకు ముప్పదిరెండు, కనీసముగా రావలెను. ఆ పైన పోటీనిబట్టి ఎంపిక.

ఇది ఆకాశమునుండి పడిన పరీక్ష కాదు. ఊరిబడి పుస్తకములే మూలము. కాని మొదటి భాగములోని ప్రశ్నలు మన పిల్లలు ఎన్నడును చూడనివిగా ఉండును. అంకెల వరుసలో తరువాతిది ఏది, ఈ బొమ్మను త్రిప్పినచో ఎట్లుండును, ఇటువంటివి. ఆరవ తరగతినుండి వారమునకు రెండు గంటలు ఇట్టి ప్రశ్నలతో ఆడుకొన్న బిడ్డకు పరీక్షనాడు భయముండదు. పరీక్షకు నెల ముందు మాత్రము కూర్చుండబెట్టిన బిడ్డకు భయమే మిగులును.

అయినను ఒక హెచ్చరిక. వేతనము వచ్చినవారి పేర్లను ఆదివారము చదివి చప్పట్లు కొట్టుటకే ఈ పని చేసినచో, మనము మరల ఏరుకొను పనిలోనే పడుదుము. నూరు గొర్రెలలో తప్పిపోయిన ఒక్కదానికొరకు వెదకిన కాపరి ఉపమానము మనకు కంఠస్థము. చదువు విషయములో మనము దానిని తలక్రిందులు చేయుచున్నాము. ఒక్కదానిని మంచి మేతకు పంపి తొంబదితొమ్మిదింటిని ఎండిన బీడులో విడిచిపెట్టుచున్నాము.

రెండు దూరపు పల్లెలు చెప్పు సంగతి

"ఇవన్నియు పట్టణములలో జరుగు మాటలు, పల్లె బడిలో జరుగునా?" అని కొందరు అడుగుదురు. జరిగినదని రెండు ఉదాహరణలు చెప్పుదును.

మొదటిది మన దేశములోనిదే. 1972లో మధ్యప్రదేశ్ హోషంగాబాద్ జిల్లాలో, నేడు దానిని నర్మదాపురం అనుచున్నారు, 16 ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలలలో ఒక విజ్ఞానశాస్త్ర కార్యక్రమము మొదలైనది. దానిని మొదలుపెట్టినవి కిశోర్ భారతి అను సంస్థ, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్. ఈ రెండవది క్వేకరు క్రైస్తవులు నెలకొల్పిన సేవాకేంద్రము. ఢిల్లీ విశ్వవిద్యాలయమునుండి, బొంబాయి టాటా పరిశోధనాసంస్థనుండి శాస్త్రజ్ఞులు పల్లె ఉపాధ్యాయులతో కలిసి కూర్చున్నారు. పిల్లలు నలుగురేసి గుంపులుగా ప్రయోగములు తామే చేసినారు. పరీక్షలో పుస్తకము తెరచి చూచుకొనవచ్చును, ఎందుకనగా ప్రశ్న జ్ఞాపకమును కాక ఆలోచనను అడుగును. 1978లో అది జిల్లాలోని మాధ్యమిక పాఠశాలలన్నిటికి వ్యాపించినది. 1982లో ఈ పనికొరకే ఏకలవ్య అను సంస్థ పుట్టినది. 2002లో రాష్ట్ర ప్రభుత్వము ఆ కార్యక్రమమును నిలిపివేసినది. ముప్పది యేండ్లు అది నడచినది ఎంపికచేసిన పిల్లలతో కాదు. ఆ పల్లెలో పుట్టిన పిల్లలందరితో.

రెండవది అమెరికాలోనిది. రాబర్ట్ మోజెస్ అను నల్లజాతి యువకుడు 1961లో మిసిసిపీ రాష్ట్రమునకు పోయి, దెబ్బలు తిని, చెరసాలకు పోయి, నల్లవారిచేత ఓటరు జాబితాలో పేర్లు నమోదు చేయించినాడు. ఆ పోరాటములో కూడుకొనుటకు వారికి దొరకిన చోటు ఎక్కువగా చర్చి గదులే. ఇరువది యేండ్ల తరువాత, 1982లో, కేంబ్రిడ్జి పట్టణములో తన కుమార్తె చదువు ఎనిమిదవ తరగతిలో బీజగణితము చెప్పుట లేదని ఆయన చూచినాడు. ఆమెను వేరొక బడికి మార్చలేదు. ఉపాధ్యాయురాలి సమ్మతితో తానే ఆ తరగతిలో బీజగణితము చెప్పుటకు కూర్చున్నాడు. తరువాత ఇరుగుపొరుగు పిల్లలందరికి అది ఎందుకు ఉండకూడదని అడిగినాడు. ఆ విధముగా ఆల్జీబ్రా ప్రాజెక్టు పుట్టినది. పిల్లలను పట్టణపు రైలు ఎక్కించి, ఏ స్టేషను ముందు, ఏది వెనుక అని చూపుచు ధన ఋణ సంఖ్యలు నేర్పినారు. ఒకనాడు ఓటు లేనివాడు పౌరుడు కానట్లే, ఈ కాలమున గణితము రానివాడు సగము పౌరుడుగా మిగిలిపోవునని ఆయన భావము. ఆయన 2021లో కన్నుమూసినారు.

ఈ రెండు కథలలో సామాన్యమైన సంగతి ఒక్కటే. పాఠము బిడ్డయొద్దకు పోయినది. రెంటిలోను బడి ఉపాధ్యాయుని ప్రక్కకు నెట్టలేదు. ఆయన ప్రక్కన ఇంకొకరు కూర్చున్నారు.

మన రాష్ట్రములోను కొన్ని ప్రయత్నములు జరిగినవి. 2022-23లో వెయ్యి ప్రభుత్వ పాఠశాలలకు సి.బి.ఎస్.ఇ. అనుబంధము తెచ్చినారు, 2024లో వాటిని మరల రాష్ట్ర బోర్డునకు మార్చినారు. 2023-24లో టోఫెల్ ఇంగ్లీషు శిక్షణ వచ్చినది. మరుసటి సంవత్సరమే పోయినది. 2022లో 3, 4, 5 తరగతులను ఉన్నత పాఠశాలలకు కలుపుచు ఒక ఉత్తర్వు వచ్చినది. 2025లో అది రద్దయినది. ఏది మంచి, ఏది చెడు అను తీర్పు ఈ వేదికమీద నేను చెప్పను. ఒక్కటి మాత్రము అందరమును చూచినదే. పైనుండి వచ్చినది పైనుండియే పోవును. క్రింద వేరు పట్టుకొన్నవారుంటేనే ఏదైనను నిలుచును.

సంఘము చేయదగినది

ఇక మనము ఏమి చేయగలము? ప్రతి సంఘమును ఒక పాఠశాల పెట్టవలెనని నేను అనుట లేదు. ఉన్న బడికి ఒక గంట తోడునిలువుమని అడుగుచున్నాను.

మొదట ప్రధానోపాధ్యాయునియొద్దకు, ఆపైన తల్లిదండ్రుల కమిటీయొద్దకు పోవలెను. వారి సమ్మతి లేక ఏ పనియు చేయరాదు. "మీ బడిలో లోపమున్నది" అని పోరాదు. "మీకు మేము ఏమి సహాయము చేయగలము?" అని పోవలెను. బడి గదియే దొరకినచో అదే మేలు. దొరకనిచో మన మందిరపు వరండా ఉన్నది. వారములో ఆరు దినములు అది ఖాళీయే.

రెండవది, చెప్పువారు. మన సంఘములలో ఉద్యోగవిరమణ చేసిన ఉపాధ్యాయులు ఎందరో ఉన్నారు. బి.ఎస్సి., బి.టెక్. చదివి ఉద్యోగముకొరకు ఎదురుచూచు యువకులు, యువతులు ప్రతి పల్లెలోను ఉన్నారు. వారమునకు రెండు సాయంత్రములు, ఒక్కొక్క గంట. అంతకుమించి మొదట పెట్టుకొనవద్దు. పెద్దగా మొదలుపెట్టి మూడు నెలలకు ఆగిపోయిన పనులు మనకు కొత్త కాదు.

మూడవది, ఏమి చెప్పవలెను? చేతికి దగ్గరైన దానినుండి మొదలుపెట్టవలెను. ఒక తల్లి పత్తి తీతకు పోయినది. కిలోకు 12 రూపాయల కూలి, ఆటోకు 30 రూపాయలు పోగా ఇంటికి 450 రూపాయలు తెచ్చినది. ఆమె ఎన్ని కిలోలు తీసినది? బిడ్డ ముందు వ్రేళ్లమీద లెక్కించును. తరువాత ఆ తెలియని కిలోలకు ఒక అక్షరము పెట్టుమని చెప్పుడి. పన్నెండుచే గుణించి, ముప్పది తీసివేసినచో నాలుగువందల ఏబది. వెనుకకు నడచినచో 40 కిలోలు. ఆ బిడ్డకు బీజగణితము వచ్చినది. అది తన తల్లి చెమటనుండి వచ్చినది.

జగ్గయ్యపేట చుట్టుప్రక్కల సున్నపురాయి ఉన్నది గనుకనే సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చినవి. ఒక చిన్న రాతిముక్కమీద నిమ్మరసము పిండించుడి. బుడగలు ఎందుకు వచ్చినవో అడుగుడి. అదే వాయువు కొలిమిలో రాయి కాలినప్పుడు కూడ వెలువడునని చెప్పుడి. రసాయనశాస్త్రము పుస్తకములోనుండి లేచి వీధిలోనికి వచ్చును. చరిత్రకు కూడ దూరము పోనక్కరలేదు. జగ్గయ్యపేట బౌద్ధ స్తూపమును 1882లో జేమ్స్ బర్జెస్ పరిశీలించినాడు. ఇక్ష్వాకు రాజైన వీరపురుషదత్తుని కాలపు బ్రాహ్మీ శాసనములు అక్కడ దొరకినవి. దాదాపు పదునేడు వందల ఏండ్ల క్రిందట మన నేలమీద వ్రాయువారు, చదువువారు ఉండిరని తెలిసిన బిడ్డ, చదువు మనది కాదని ఎన్నడును అనుకొనడు.

నాలుగవది, చదువుటకు పుస్తకములు. 2020-21నుండి ప్రభుత్వ బడి పుస్తకములు ఒక ప్రక్క తెలుగు, ఎదుటి ప్రక్క ఇంగ్లీషు పెట్టి అచ్చువేసినారు. ఇది మంచి సాధనము. రెండు పుటలను ప్రక్కప్రక్కన చదివించినచో తెలుగులో అర్థము చేసికొని ఇంగ్లీషులో చెప్పుట వచ్చును. దానికితోడు ఒక బీరువా, నూరు కథల పుస్తకములు. ఒక కుటుంబము పెండ్లినాటి కానుకగా పది పుస్తకములు ఇచ్చినచో బీరువా నిండుటకు ఎంతో కాలము పట్టదు.

అయిదవది, కాగితముల పని. వేతన పరీక్ష దరఖాస్తు గడువు దాటిపోవుట, ఆదాయ ధృవపత్రము సమయమునకు చేతికి రాకపోవుట, ఆధారులో ఒక పేరు, బడి రిజిస్టరులో ఇంకొక పేరు ఉండుట, ఇట్టి చిన్న సంగతులవలన తెలివిగల బిడ్డలు నష్టపోవుచున్నారు. ఏడవ తరగతి వేసవి సెలవులలోనే ఈ కాగితములన్నియు సరిచూచు బాధ్యత స్త్రీల మైత్రియో, యౌవనుల కూటమియో తీసికొనవచ్చును.

ఇక కొన్ని సందేహములు

"ఇది ప్రభుత్వపు పని గదా" అందురు. నిజమే. 2010 ఏప్రిల్ 1నుండి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టము ఆరునుండి పదునాలుగేండ్ల బిడ్డకు ఇంటి సమీపమున బడిని హక్కుగా ఇచ్చినది. ఎనిమిదవ తరగతివరకు మూడు కిలోమీటర్ల లోపల బడి ఉండవలెనని నియమము. ఉపాధ్యాయుని పోస్టు ఖాళీగా ఉన్నచో మనము అర్జీ పెట్టవలెను, అధికారుల చుట్టు తిరుగవలెను. మన సాయంకాలపు గంట ఆ ఉపాధ్యాయునికి బదులు కారాదు. ఆ గంటవలన బడిలో ఏమి కొరవడినదో తల్లిదండ్రులకు తెలిసినప్పుడు వారి అర్జీకి బలము వచ్చును.

"అందరికి పెద్ద చదువు తలకెక్కునా?" అందురు. ఎక్కునో లేదో ముందుగా తీర్పు తీర్చుటకు మనమెవరము? తలాంతుల ఉపమానములో దానిని భూమిలో పాతిపెట్టినవాడు నిందకు పాత్రుడైనాడు. ఇక్కడ బిడ్డ పాతిపెట్టుట లేదు, మనము పాతిపెట్టుచున్నాము. ప్రవేశపరీక్ష పెట్టవద్దు. వచ్చి కూర్చుండు ప్రతి బిడ్డను కూర్చుండనిండు. నాలుగు వారములకు ఇష్టము లేనివారు తామే మానుదురు. మిగిలినవారిలో మీరు ఊహించని ముఖములు కనబడును. వెనుకబడినవానికి ముందున్నవాడు చెప్పవలెను. చెప్పినవానికే ఆ పాఠము రెట్టింపు వచ్చును.

"మన సంఘపు పిల్లలకు మాత్రమేనా, అందరికినా?" ఈ ప్రశ్నకు జవాబు ఆలస్యము చేయరాదు. అందరికిని. మాల, మాదిగ, యానాది, తురక, కమ్మ, గౌడ అను తేడా ఆ వరండాలో ఉండరాదు. చదువు చెప్పు గంటలో మతము మార్పు మాట ఎత్తరాదు. మొదటి పల్లె బడి మనలను తాకినది ఎవరో మనకు తలుపు తెరచినందువలననే. మనము తలుపు తెరచు వంతు వచ్చినప్పుడు గుమ్మమునొద్ద కులము అడిగినచో ఈ నూరేండ్లలో మనము ఏమియు నేర్చుకొననట్లే.

ఆడబిడ్డల విషయములో ప్రత్యేక శ్రద్ధ కావలెను. చీకటిపడకముందే ముగించవలెను. చెప్పువారిలో ఒక స్త్రీ తప్పక ఉండవలెను. ఒకే వీధి పిల్లలు కలిసి ఇంటికి పోవునట్లు ఏర్పాటు చేయవలెను. తల్లులు వచ్చి వెనుక కూర్చుండవచ్చును. బిడ్డతోబాటు ఆమెయు నేర్చుకొన్నచో ఎవరికి నష్టము?

ప్రియులారా, సంచికలు పెట్టెలలో చేరును, వేదికల పందిళ్లు రేపు విప్పుదురు. జూన్ నెలలో బడులు తెరచునాటికి ప్రతి పాస్టరేటు ఒక్క బడిని ఎన్నుకొని, ఆ ప్రధానోపాధ్యాయుని కలిసికొని, ఇద్దరు చెప్పువారిని కుదుర్చుకొన్నచో, ఈ శతవార్షికోత్సవమునకు అంతకంటె గట్టి జ్ఞాపకచిహ్నము ఉండబోదు. పాలరాతి పలకమీద పేర్లు చెక్కించుటకు అగు ఖర్చులో సగముతో ఒక బీరువా, ఒక నల్లబల్ల, రెండు ట్యూబులైట్లు వచ్చును.

పెద్ద చదువుకొరకు పదకొండేండ్ల బిడ్డ పెట్టె పట్టుకొని ఊరు విడువనక్కరలేని దినము రావలెను. ఆ పని మనకు చేతనైనంత దూరములోనే ఉన్నది. దానికి కావలసిన ఓర్పును, ఐక్యతను దేవుడు మనకందరికిని దయచేయును గాక.